పడవ అడుగున కవాటం

మన తీరాలలో తరతరాలుగా సాగిన తెప్పకు గాని, తెరచాప నావకు గాని నీటిమట్టం క్రింద రంధ్రం ఉండేది కాదు; ఉంటే అది లోపమే. 1952లో భారత్, నార్వే, ఐక్యరాజ్యసమితుల మధ్య కుదిరిన ఒప్పందం ఫలితంగా కేరళలోని నీండకర ప్రాంతంలో మరపడవల ప్రయోగం ఆరంభమైంది. క్రమంగా విశాఖపట్నం, కాకినాడ రేవులలోనూ మరపడవలు బారులు తీరాయి. సముద్రపు నీటితో ఇంజనును చల్లబరచే పడవలో, ఆ నీటిని లోనికి తీసుకొనుటకు అడుగుభాగంలో బుద్ధిపూర్వకంగానే ఒక రంధ్రం చేయవలసి ఉంటుంది. ఆ రంధ్రానికి కావలి కాసేది ఒక చిన్న కవాటం. పనివారు దీనిని వాల్వు అంటారు.

ఈ కావలి తప్పితే ఏమవుతుందో లెక్క కట్టవచ్చు. నీటిమట్టానికి 60 సెంటీమీటర్ల లోతున 38 మిల్లీమీటర్ల రంధ్రం తెరచుకొంటే నిమిషానికి సుమారు 140 లీటర్ల నీరు లోపలికి వస్తుంది. గంటకు ఎనిమిది టన్నుల పైమాటే. చేతి పంపుతో తోడి నెగ్గుకు రావడం దుస్సాధ్యం.

కవాటాన్ని ఎన్నుకొనుటలో మొదట చూడవలసినది లోహం. ఇంటి కుళాయిలకు వాడే పచ్చని ఇత్తడి కవాటం చౌక. చూపునకు కంచు వలెనే ఉంటుంది. కాని అందులో దాదాపు నలభై శాతం జింకు ఉంటుంది. ఉప్పునీరు ఆ జింకును మెల్లగా లాగివేయగా, గుల్లబారిన రాగి మాత్రం మిగులుతుంది. ఆకారం చెడదు, బలం పోతుంది. మోసమంతా ఇక్కడే ఉన్నది. గీకి చూస్తే పసుపు వన్నెకు బదులు గులాబీ ఛాయ కనబడుట దీని గుర్తు. రాగి 85, తగరం 5, జింకు 5, సీసం 5 పాళ్ల గన్‌మెటల్ ఇందుకు ఎంతో మేలు. పేరును బట్టి మాత్రం మోసపోరాదు: ‘మాంగనీసు కంచు’ అనబడేది నిజానికి అధికంగా జింకు గల ఇత్తడియే! గాజునార కలిపి బలపరచిన నైలాన్ కవాటాలకు తుప్పు బాధ లేదు. ఇనుప పడవకు కంచు కవాటాన్ని నేరుగా బిగిస్తే ఉప్పునీటిలో విద్యుత్ చర్య జరిగి ఇనుము క్షయిస్తుంది. నడుమ విద్యుత్ నిరోధకమైన పొర ఉండాలి.

చక్రం త్రిప్పే గేటు కవాటం కంటె, పిడిని పావు వంతు త్రిప్పితే మూసుకొనే బంతి కవాటం ఉత్తమం. పిడి గొట్టం వెంబడి ఉంటే తెరచినట్లు, అడ్డంగా ఉంటే మూసినట్లు. చీకటిలో చేతితో తడిమినా తెలుస్తుంది. గేటు కవాటంలో చెత్త ఇరుక్కొంటే, మూసితిననుకొన్న సరంగుకు అది పూర్తిగా మూయలేదని తెలియదు. మర చుట్లు కూడ సరిపోలాలి. సమాన వ్యాసపు మరపై వాలు మర గల కవాటాన్ని ఎక్కిస్తే రెండు మూడు చుట్లే పట్టి, బిగిసినట్లు భ్రమ కల్పిస్తాయి.

నెలకొకసారైనా పిడిని త్రిప్పి చూడాలి. ఏళ్ల తరబడి కదలని కవాటం అవసరానికి కదలదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధకాలంలో పడవలు గట్టెక్కుతాయి. కవాటాన్ని విప్పి, శుభ్రపరచి, గ్రీజు పూసి, రబ్బరు గొట్టంలో చీలికలను పరిశీలించుటకు ఇంతకంటె అనువైన సమయం లేదు. గొట్టాన్ని తుప్పుపట్టని ఉక్కు క్లిప్పులు రెండింటితో బిగించాలి. ఒకటి తెగినా రెండవది పట్టి ఉంచుతుంది. రంధ్రానికి సరిపోయే మెత్తని కొయ్య బిరడాను ప్రతి కవాటం ప్రక్కనే త్రాడుతో కట్టి ఉంచాలి. పనిముట్ల పెట్టె అడుగున పడవేస్తే, నీరు చేరిన చీకటిలో దానిని వెదకే వ్యవధి ఉండదు.