వాగు పొంగితే ఇవతలే ఆగండి

వానాకాలంలో మేము తరచుగా వినే మాట ఒకటుంది: "మోకాలి లోతే కదా డాక్టరుగారూ, కారులో ఉన్నామని వచ్చేశాం."

మోకాలి లోతంటే అడుగున్నర. తలుపులు మూసిన కారు నీటిలో ఖాళీ డబ్బాలాంటిది. అడుగు లోతుకే చిన్న కారు తేలడం మొదలుపెడుతుంది. టైర్లకు పట్టు పోయాక బ్రేకు తొక్కినా ఫలితం ఉండదు. రెండడుగుల ప్రవాహం జీపునైనా ఈడ్చుకుపోగలదు. బురదనీటి కింద రోడ్డు కోసుకుపోయినా కనిపించదు. 2024 సెప్టెంబరు 1, ఆదివారం, మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు వాగు ఒక కారును ఈడ్చుకుపోయింది. అందులోనివారు బ్రతకలేదు.

ఆసుపత్రికి వచ్చేవారి ఆత్రుత మాకు తెలుసు. కాన్పు నొప్పులు, ఒళ్లు కాలిపోతున్న బిడ్డ... ఆగమంటే ఎవరికి మనసొప్పుతుంది? అయినా చప్టాపై నీరు పారుతుంటే ఆగి, 108కి ఫోను చేయండి. మన మధ్య వాగు ఉంటే నెలలు నిండిన తల్లులు, డయాలసిస్ రోగులు ముసురు పట్టకముందే వచ్చి ఇవతల బంధువుల ఇంట ఉండడం మేలు.

నీటిలో కారు ఆగిపోతే మళ్ళీ స్టార్టు చేయవద్దు. ఇంజనులోకి నీరు లాగుతుంది. వెంటనే బెల్టులు తీసి, అద్దాలు దించి, పిల్లలను ముందు కారు పైకి ఎక్కించండి. నీరు పెరిగాక తలుపు తెరుచుకోదు, కరెంటు అద్దాలూ మొరాయించవచ్చు.

వరదనీటిలో దిగినవారికి రెండు వారాల్లోపు జ్వరం, పిక్కల నొప్పులు వస్తే ఎలుక జ్వరం కావచ్చు. నీటిలో దిగిన సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.