అచలం: అపోహలు – వాస్తవాలు

పటాన్‌చెరు చుట్టుపక్కల పాశమైలారం, బొల్లారం, ఇస్నాపూర్ కంపెనీల్లో షిఫ్టులు చేసే కుర్రవాళ్లలో కొందరి ఇళ్లలో తాతకో అమ్మమ్మకో ఒక గురువు ఉండేవాడు. "మా తాత అచలం తీసుకున్నడు" అంటారు. అచలమంటే ఏమిటని అడిగితే మాత్రం తలా ఒక మాట చెబుతారు. పాత అనుమానాలకు తోడు ఇప్పుడు ఫోన్లలో చూసిన వీడియోల జ్ఞానం కలిసింది. తెలంగాణ పల్లెల్లో తరాలుగా బతికిన ఒక ఆలోచనకు ఇది తగని అన్యాయం.

అపోహ: గురువు చెవిలో చెప్పేది క్షుద్రమంత్రం.

వాస్తవం: బోధ గురుశిష్యుల మధ్య ఏకాంతంగా జరిగే మాట నిజమే. మన సంప్రదాయాల్లో మంత్రోపదేశం చాలావరకు అలాగే జరుగుతుంది. సిద్ధాంతం మాత్రం రహస్యం కాదు. గురువుల ఆరాధనలకు తెల్లవార్లూ హార్మోనియం, తబలాల మీద పాడే తత్త్వాల్లో అదంతా ఉంటుంది. ఎవరైనా వెళ్లి కూర్చుని వినవచ్చు. బాణామతి (చేతబడి) అనుమానంతో మనుషుల ప్రాణాలు తీసిన చరిత్ర ఉమ్మడి మెదక్ జిల్లాకు ఉంది. అలాంటి చోట ఒక ముసలాయన జపాన్ని చూపించి "క్షుద్రం" అనడం ఉబుసుపోక మాట కాదు, ప్రమాదం.

అపోహ: అచలమంటే అద్వైతమే, పేరే వేరు.

వాస్తవం: చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడే తడబడతారు. తెలుగునాట ఈ బోధకు ఆద్యుడిగా శిష్యులు శివరామ దీక్షితులను తలుచుకుంటారు, బృహద్వాసిష్ఠం అనే గ్రంథాన్ని ప్రమాణంగా చూస్తారు. ఇందులో ప్రధానమైన మాటలు రెండు: బయలు, ఎరుక. బయలునే పరిపూర్ణం అంటారు. అది కదలదు, మారదు, దేన్నీ పుట్టించదు. "నేను ఉన్నాను" అన్న స్ఫురణ కూడా దానికి లేదు. "నేను" అని లేచేది ఎరుక. జీవుడు, జగత్తు, ఈశ్వరుడు అన్నీ ఆ ఎరుకలోని సందడే.

అద్వైతి చైతన్యమే బ్రహ్మమని అక్కడ ఆగుతాడు. అచల గురువు ఆ చైతన్యాన్ని కూడా ఎరుక పద్దులోనే వేసి, దానికి మూలమే లేదంటాడు. మరి లేని ఎరుక ఎలా తోచింది? కలలో వచ్చిన దొంగ ఏ ఊరివాడో మేలుకున్నాక ఎవరూ వాకబు చేయరు. నాకు తెలిసి ఇంత నిష్కర్షగా చివరిదాకా వెళ్లిన ఆలోచనలు తక్కువ. దీన్ని ఒక్క అక్షరం చదవని రైతులు, కూలీలు పాటగా పాడుకున్నారు.

అపోహ: ఇది ఈజిప్టు నాస్టిక్ (Gnostic) మతానికి మన రూపం.

వాస్తవం: పోలిక ఉంది. మోక్షం ఉత్త కర్మకాండ వల్ల రాదని, లోపల తెలియాలని రెండూ అంటాయి. కానీ నాస్టిక్ అనేది ఒక్క మతం కాదు. క్రీస్తుశకం తొలి శతాబ్దాల్లో అలెగ్జాండ్రియా, రోమ్ వంటి చోట్ల పుట్టిన అనేక శాఖలకు పెట్టిన ఉమ్మడి పేరది. వాటిలో చాలా శాఖల ప్రకారం ఈ లోకాన్ని చేసినవాడు అసలు దేవుడు కాదు, ఒక తక్కువ స్థాయి సృష్టికర్త. మనిషిలోని వెలుగుకణం ఆ సృష్టిలో చిక్కుకుంది, జ్ఞానం దాన్ని విడిపిస్తుంది. అచలంలో అలాంటి దుష్ట సృష్టికర్త లేడు, చిక్కుకున్న వెలుగూ లేదు. అక్కడ రక్షించేది జ్ఞానం. ఇక్కడ ఆ తెలివి కూడా చివరికి మిగలదు.

నాస్టిక్కులంతా అంతరించిపోయారన్నదీ తప్పే. పారే నీటిలో స్నానదీక్ష ఇచ్చే మాండియన్లు ఇరాక్, ఇరాన్‌లలో నేటికీ ఉన్నారు.

అపోహ: ఇది సన్యాసుల దారి, పై కులాల చదువు.

వాస్తవం: శిష్యుల్లో ఎక్కువమంది సంసారులే. ఆడవాళ్లూ బోధ తీసుకుంటారు. హైదరాబాద్ ఆది హిందూ ఉద్యమంలో భాగ్యరెడ్డి వర్మకు సమకాలికుడైన అరిగె రామస్వామి అచల బోధ చేసిన దళిత నాయకుడు. దీనివల్ల ఊళ్లో కులం పోయిందని నేను అనను. కానీ గుడి గడప తొక్కనివ్వని రోజుల్లో దళితుడు గురుపీఠం మీద కూర్చున్నాడన్నది చిన్న సంగతి కాదు.

అపోహ: సృష్టికర్త లేడనడం ఈ మట్టికి పరాయి మాట.

వాస్తవం: పటాన్‌చెరు పాత పేరు పొట్లచెరువు. కల్యాణి చాళుక్యుల కాలంలో అది పెద్ద జైన కేంద్రం. సృష్టికర్త లేడని చెప్పిన మతం ఇక్కడ బసదులు (జైన ఆలయాలు) కట్టుకుంది. 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో ఇక్కడి శైవ, జైన వాదాలను కథగా చెప్పాడు.

చివరిగా, నాస్టిక్కుల కథ నుంచి నేర్చుకోవాల్సింది ఒకటుంది. వాళ్ల గురించి లోకం చాలాకాలం ఎక్కువగా వాళ్ల ప్రత్యర్థుల రాతల ద్వారానే వింది. క్రీ.శ. సుమారు 180లో బిషప్ ఇరేనియస్ వాళ్లను ఖండిస్తూ రాసిందే వాటిలో ముఖ్యం. 1945లో ఈజిప్టులోని నాగ్ హమ్మాది దగ్గర ఒక కుండలో వాళ్ల పుస్తకాలు బయటపడ్డాకే వాళ్ల మాట వాళ్ల నోట విస్తారంగా వినబడింది. మనకు అంత ఎదురుచూపు అక్కర్లేదు. బోధ తీసుకున్న పెద్దలు మీ ఇంట్లో ఉంటే, వాళ్లు చేత్తో రాసుకున్న తత్త్వాల నోటుపుస్తకాలను పాత కాగితాల కింద అమ్మేయకండి. వాళ్లు పాడుతుండగా ఫోన్లో రికార్డు చేసి పెట్టుకోండి.