స్పీకరు వైరుకు ఎర్త్ లేదు

ఇండికేటర్ బల్బుకు కరెంటు తెచ్చే వైరు ఒక్కటే. తిరుగుదారి బండి ఇనుమే. బ్యాటరీ నెగటివ్‌ను ఛాసీకి బిగించేస్తారు కాబట్టి, ఎక్కడ బోల్టు దొరికితే అక్కడ ఎర్త్ దొరికినట్టే. పదో తరగతిలో విద్యుత్తు పాఠం చెబుతూ ఈ మాట అంటే వెనక బెంచీలోంచి ఒకడు లేచాడు. "మరి మా ట్రాక్టరుకు పొదిలిలో డెక్కు పెట్టించినప్పుడు ఒక్కో స్పీకరుకు రెండేసి వైర్లు లాగారు సార్. రెండోది బాడీకి కొట్టేస్తే సగం వైరు మిగిలేది కదా!"

వైరు మిగిలేదే. పాట మాత్రం వచ్చేది కాదు. ఎందుకు రాదో చెప్పాలంటే డెక్కు పుట్టుక నుంచీ దాన్ని వదలని కరువు గురించి చెప్పాలి. బ్యాటరీ వోల్టులు దానికి ఎప్పుడూ చాలలేదు.

1930లో షికాగోలో గాల్విన్ సోదరులు కారు రేడియో చేసి మోటరోలా అని పేరు పెట్టారు. అందులోని వాల్వులకు వంద వోల్టులకు పైనే కావాలి. ఆనాటి కారు బ్యాటరీ ఇచ్చేది 6. మొదట్లో రేడియో కోసం విడిగా డ్రై బ్యాటరీలు మోసుకు తిరిగారు. తరవాత వైబ్రేటర్ వచ్చింది. ఒక పల్చటి ఉక్కు రేకు సెకనుకు వందసార్లకు పైగా కొట్టుకుంటూ డీసీని ముక్కలు చేస్తుంటే, ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని పెద్ద వోల్టేజికి ఎత్తేది. ట్రాన్సిస్టర్లు వచ్చాక రేడియో 12 వోల్టులతో సర్దుకుంది గాని, గట్టిగా పాడమంటే మళ్లీ అదే కరువు.

లెక్క చూడండి. ఇంజిను నడుస్తున్నప్పుడు డైనమో ఇచ్చేది దాదాపు 14.4 వోల్టులు. స్పీకరు ఒక కొసను ఎర్త్‌కు కట్టేసి రెండో కొసనే ఆడిస్తే, మధ్య నుంచి అటు 7.2, ఇటు 7.2 వోల్టుల మేరకే ఊగుతుంది. 4 ఓముల స్పీకరులో అది ఆరున్నర వాట్లు. డీజిలు ఇంజను మోతలో ఆరున్నర వాట్ల పాట ఎవరికి వినబడుతుంది?

నాకు ఎప్పుడూ ముచ్చటేసే ఉపాయం ఇక్కడే ఉంది. రెండో కొసను కట్టేయకుండా దానికీ ఒక ఆంప్లిఫయర్ ఇస్తారు. అది మొదటిదానికి సరిగ్గా ఎదురు ఆడుతుంది. కవ్వం తాడు రెండు కొసలూ రెండు చేతుల్లో పట్టుకున్నట్టే, ఒకటి లాగేటప్పుడు రెండోది వదులుతుంది. ఒక వైరు 14.4కు లేచిన క్షణాన రెండోది సున్నాకు దిగుతుంది, మరుక్షణం తారుమారు. స్పీకరు చూసే ఊపు రెండింతలు. వాట్లు వోల్టుల వర్గాన్ని బట్టి పెరుగుతాయి కాబట్టి బలం నాలుగింతలు, అంటే దాదాపు 26 వాట్లు. బ్యాటరీ మారలేదు, స్పీకరూ మారలేదు. దీన్నే బ్రిడ్జి ఆంప్లిఫయర్ అంటారు. ఇవాళ డెక్కుల్లో దాదాపు అన్నిటా ఉండేది ఇదే.

డబ్బా మీద "50 వాట్స్ × 4" అని ఉంటుంది కదా, అదీ ఈ లెక్కలోదే. 14.4ను వర్గం చేసి 4తో భాగిస్తే దాదాపు 52. వాల్యూమ్ పూర్తిగా తిప్పేసి, అల కొసలు తెగి పలకలుగా మారినప్పుడు వచ్చే అంకె అది. ఆ పాట వినేవాడికి చెవులు నొప్పి.

డెక్కు వేసి, వాల్యూమ్ సున్నాలో పెట్టి మీటరు పట్టండి. స్పీకరు వైరుకూ బాడీకీ మధ్య ఆరేడు వోల్టులు చూపిస్తుంది. రెండో వైరుకూ అంతే. ఆ రెంటి మధ్య మాత్రం సున్నా. అంటే రెండూ సగం ఎత్తులో కాచుకుని ఉన్నాయి. వాటిలో ఏది బాడీకి తగిలినా షార్టే. ఆంప్లిఫయర్ చిప్పు తనను తాను కాపాడుకోవడానికి నోరు మూసేస్తుంది. డిస్‌ప్లే వెలుగుతుంది, పాట రాదు. డెక్కు పోయిందనుకుని కొత్తది కొనేది ఇలాంటప్పుడే.

కొనేముందు కప్లర్‌లోంచి స్పీకరు వైర్లన్నీ పీకి, బయటి స్పీకరు ఒకటి నేరుగా తగిలించండి. పాడితే డెక్కు మంచిదే, తప్పు వైర్లలో ఉంది. జతలో రెండు వైర్ల మధ్య మీటరు 4 ఓముల దరిదాపుల్లో చూపాలి, బాడీకి ఏమీ చూపకూడదు. చూపిందంటే తలుపు కీలు దగ్గర ఒరుసుకున్న చోటో, స్క్రూ కింద నలిగిన చోటో వెతకాలి. రంగుల్లోనూ ఒక ఉచ్చు ఉంది. తెలుపు ముందు ఎడమ, బూడిద ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. వీటిలో నల్లచార ఉన్నవి నెగటివ్‌లే గాని ఎర్త్‌లు కావు. ఎర్త్ అంటే నిండు నలుపు ఒక్కటే.

పసుపు ఎప్పుడూ కరెంటు ఉండాల్సిన వైరు, ఎరుపు తాళం తిప్పితే వచ్చేది. రెండూ తాళం మీదే ఉంటే తిప్పినప్పుడల్లా స్టేషన్లు మరిచిపోతుంది. రెండూ బ్యాటరీ మీదే ఉంటే తెల్లారేసరికి సెల్ఫ్ తిరగకపోవచ్చు. పాట పలచగా ఉండి బేస్ లేకపోతే ఒక స్పీకరు తిరగబడి ఉంటుంది. పెన్సిల్ సెల్లు తాకిస్తే శంకువు ఎటు కదిలిందో కంటికే కనిపిస్తుంది. బయటికి వస్తే సెల్లు పాజిటివ్ తగిలిందే స్పీకరు పాజిటివ్.

గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు తోలే పెద్ద లారీలది మరో చిక్కు. అక్కడ 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరసగా ఉండి 24 ఇస్తాయి. డెక్కును ఒక్క బ్యాటరీకే తగిలిస్తే అదొక్కటే డీలా పడుతుంది, రెండోది అతిగా చార్జయి దెబ్బతింటుంది. 24ను 12 చేసే కన్వర్టరు పెట్టడమే మేలు.

ఇంకా మోత కావాలన్నవాళ్లు డిక్కీలో విడిగా ఆంప్లిఫయర్ పెట్టిస్తారు. దాని లోపల మోస్‌ఫెట్ అనే ట్రాన్సిస్టర్లు సెకనుకు వేలసార్లు డీసీని ముక్కలు చేసి వోల్టేజి ఎత్తుతుంటాయి. పాత వైబ్రేటర్ పనే, చప్పుడు లేకుండా. కేసెట్టు పోయి సీడీ, సీడీ పోయి బ్లూటూత్, ఇప్పుడు గాజు తెర వచ్చాయి. ఎలక్ట్రిక్ కార్లలో వందల వోల్టుల బ్యాటరీ ఉన్నా డెక్కుకు అందేది ఎక్కువగా ఆ 12 వోల్టుల లైనే. అందుకే ఆ కార్లలోనూ డెక్కు స్పీకరుకు వైర్లు రెండు లాగాల్సిందే, రెంటినీ బాడీకి దూరంగా ఉంచాల్సిందే.