వాన రాని శ్రావణం

వానల లెక్కలు రాయడం మొదలైన 1901 నుంచి చూస్తే 2023 ఆగస్టు అంత పొడి ఆగస్టు దేశంలో మరొకటి లేదు. దాదాపు 255 మిల్లీమీటర్లు పడాల్సిన నెలలో 163 మిల్లీమీటర్లే పడింది. లోటు 36 శాతం. పసిఫిక్‌లో ఎల్‌నినో బలపడింది. రుతుపవన ద్రోణి హిమాలయాల అంచుకు జరిగిపోయి, అక్కడ హిమాచల్‌లో కొండలు విరిగిపడేంత వాన, ఇక్కడ రాయలసీమలో ఖాళీ మబ్బులు. మామూలు ఏడాదిలోనే 550 మిల్లీమీటర్లు దాటడం కష్టమైన బత్తలపల్లి, ధర్మవరం, పెనుకొండ చేలకు ఇది ఎలాంటి దెబ్బో చెప్పాలంటే చెనిక్కాయ (వేరుశనగ) సంగతి తెలియాలి. జులైలో పదును చూసి వేసిన విత్తనం ఆగస్టులో పూతకొస్తుంది. పూత నుంచి ఊడలు దిగి నేలలోకి వెళితేనే కాయ. బెట్ట తగిలితే ఎర్రనేల గట్టిపడి ఊడను లోపలికి రానివ్వదు. సెప్టెంబరులో వాన పడితే ఆకు పచ్చబడుతుంది, పశువులకు మేత మిగులుతుంది. పోయిన కాయ మాత్రం రాదు.

మగ్గానికీ అది మంచి కాలం కాదు. జూన్ 19న మొదలైన ఆషాఢం జులై 17తో ముగిసింది. ఆ వెంటనే పందొమ్మిదేళ్ల తర్వాత వచ్చిన అధిక శ్రావణం ఆగస్టు 16 దాకా నడిచింది. అంటే వరుసగా రెండు నెలలు పెళ్లి ముహూర్తాలు లేవు. పెళ్లి పట్టుమీద బతికే ధర్మవరానికి అది గిరాకీ తగ్గే కాలమే. సేద్యం కుటుంబాన్ని మగ్గం, మగ్గం కుటుంబాన్ని సేద్యం ఆదుకునే ఊళ్లలో రెండూ ఒకేసారి మందగించడం మామూలు ఇబ్బంది కాదు. ఇంకోవైపు, మదనపల్లె మార్కెట్లో జులై నెలాఖరుకు కిలో 200 రూపాయల దరిదాపులకు వెళ్లిన టమోటా. బోరు, డ్రిప్పు ఉన్న కొద్దిమందికి అది పంట. మిగతా ఇళ్లలో చారు పలచబడింది.

అయినా ఆ ఆగస్టులో ఇవి కూడా ఉన్నాయి. 23వ తేదీ సాయంత్రం చంద్రయాన్-3 చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర దిగింది. మరునాడు అల్లు అర్జున్‌కు జాతీయ ఉత్తమ నటుడి పురస్కారం ప్రకటించారు; తెలుగు నటుడికి అది మొదటిసారి. 25న వరలక్ష్మీ వ్రతం. 27న బుడాపెస్ట్‌లో నీరజ్ చోప్రా బంగారు పతకం. 30న రాఖీ పున్నమి, ఆ రాత్రి మామూలుకంటే పెద్దగా కనిపించిన చంద్రుడు. వీటిలో ఒక్కటీ చేను తడపలేదు. కానీ ఆ నెలను తలచుకునేటప్పుడు వీటిని వదిలేస్తే లెక్క తప్పుతుందని నా వాదన.

మన జ్ఞాపకం లెక్కలు సరిగ్గా రాయదు. 1993లో డేనియల్ కానెమాన్ బృందం కొందరిచేత చల్లని నీటిలో ఒక నిమిషం చెయ్యి పెట్టించింది. మరోసారి అదే నిమిషానికి ఇంకో అరనిమిషం కలిపి, ఆ చివర్లో నీటి చలిని కొద్దిగా తగ్గించింది. మళ్లీ ఏది కావాలంటే ఎక్కువమంది రెండోదాన్నే కోరారు. బాధ ఎక్కువసేపు పడ్డారు, చివర కాస్త నయంగా ముగిసింది కనుక దాన్నే మెరుగనుకున్నారు. ఇది రెండువైపులా కోసే విషయం. నెలాఖరు పండుగ చూసి ఆగస్టు బాగానే గడిచిందనుకుంటే అది మోసం. ఎండిన చేను ఒక్కటే గుర్తుపెట్టుకుని ఆ నెలంతా చీకటే అన్నా మోసమే. కాబట్టి సంతోషాన్ని నష్టంలోంచి తీసివేయకూడదు. రెండింటినీ విడివిడిగా రాసుకోవాలి.

కరువులో ఉన్నవాళ్లకు చిన్న సంతోషాలు చూపించడం వాళ్ల నోరు మూయించడమేనని ఎవరైనా అంటే ఆ కోపం న్యాయమైనదే. పూలు, పండ్లు, రవికె గుడ్డ పెట్టుకున్నారు కనుక వీళ్లకేం లోటని మాట్లాడేవాళ్లు ఉంటారు. కానీ ఆ సంతోషాలను దాచిపెడితే అంతకంటే పెద్ద నష్టం కళ్లకు కనపడకుండా పోతుంది. ఆ ఖరీఫ్‌కు రాష్ట్ర ప్రభుత్వం 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించేసరికి దసరా కూడా దాటిపోయింది. ఇన్‌పుట్ సబ్సిడీ 2024 మార్చిలో విడుదలైంది. వర్షపాతం, బెట్ట రోజులు, సాగు విస్తీర్ణం, నేలలో తేమ చూసి, పొలాల్లో పరిశీలించి తేల్చాలి కనుక ఆలస్యం తప్పదంటారు. పంట నష్టం వరకు ఆ జవాబు కొంత ఒప్పుకోవచ్చు. మార్చిలో వచ్చిన డబ్బు అప్పులో కొంత తీరుస్తుంది. శ్రావణ శుక్రవారానికి మాత్రం తేదీ ఉంది. ఆడబిడ్డను పుట్టింటికి పిలవడానికి, పిల్లలకు కొత్త బట్టలు తీయడానికి కావలసింది చిన్న మొత్తమే, అయితే అది ఆ వారంలోనే కావాలి. బెట్ట మూడు వారాలు దాటగానే, తుది లెక్కలు తేలకముందే, కొంత సొమ్ము ముందుగా ఇళ్లకు చేర్చడం అసాధ్యమేమీ కాదు. మిగిలింది సర్వే అయ్యాక సరిచూసుకోవచ్చు. ఆగస్టులో చేతికందాల్సిన ఆ కాస్త డబ్బు గురించి మాట్లాడాలంటే, ఆగస్టులో ఆ ఇళ్లు వేటికోసం ఎదురుచూశాయో ముందు ఒప్పుకోవాలి.