మోచ్ అనుకుని మాలిష్‌కు పోకండి

పత్తర్‌గట్టీ జనంలో, లాడ్ బజార్ మెట్ల దగ్గర కాలు మడతపడితే చుట్టుపక్కలవాళ్లు చెప్పే మాట ఒకటే: "మోచ్ (బెణుకు) వచ్చింది, పహిల్వాన్ దగ్గర మాలిష్ చేయించు." హైదరాబాద్ పాతబస్తీలో ఎముకలు కట్టే పహిల్వాన్ల మీద ఉన్న నమ్మకం తరాల నాటిది. అయినా ఆ మొదటి రోజు మాలిష్ మాత్రం వద్దనే చెబుతాను.

అపోహ: వేడి నూనెతో రుద్దితే వాపు దిగిపోతుంది.
వాస్తవం: బెణికినప్పుడు లోపలి బంధనాలు చిరిగి రక్తం ఊరుతుంది. వేడి, రాపిడి వాపును పెంచుతాయి. ఎముక చిట్లి ఉంటే ముక్కలు పక్కకు జరగొచ్చు. రెండు మూడు రోజులు గుడ్డలో చుట్టిన మంచుగడ్డ 15 నిమిషాల చొప్పున పెట్టి, క్రేప్ బ్యాండేజీ కట్టి, కాలు దిండు మీద ఎత్తి ఉంచాలి. నొప్పి తగ్గుతున్నకొద్దీ చీలమండను మెల్లగా కదపాలి.

అపోహ: నడవగలిగితే ఎముక విరగనట్టే.
వాస్తవం: చిట్లిన ఎముకతోనూ కుంటుతూ నడిచేస్తారు. కెనడాలోని ఒట్టావా వైద్యులు 1992లో ఇచ్చిన సూత్రం తేలిక: నాలుగు అడుగులు వేయలేకపోయినా, చీలమండ గుబ్బల వెనుక అంచున ఎముక నొక్కితే నొప్పెట్టినా ఎక్స్‌రే తీయించాలి.

అపోహ: దెబ్బ తగలకుండా రాత్రికి రాత్రే బొటనవేలు వాచిందంటే ఏ పురుగో కుట్టిందన్నమాట.
వాస్తవం: దుప్పటి తగిలినా ఓర్వలేని ఆ నొప్పి చాలాసార్లు గౌట్. యూరిక్ ఆమ్లం స్ఫటికాలై కీలులో చేరుతుంది. కలేజీ (కాలేయం), గుర్దా (మూత్రపిండం) తినడం, మద్యం, నీళ్లు తక్కువ తాగడం, కొన్ని బీపీ మాత్రలు దాన్ని రేపుతాయి. వంశం, కిడ్నీల పాత్ర ఇంకా పెద్దది. కాబట్టి తిండినే నిందించడం అన్యాయం. నొప్పి ఉన్నప్పుడు రక్తపరీక్ష మామూలుగా వచ్చినా గౌట్ కాదనుకోవద్దు. తగ్గాక మళ్లీ చూడాలి. జ్వరం కూడా ఉంటే కీలులో చీము పట్టి ఉండొచ్చు, ఆ రోజే వైద్యుడికి చూపించాలి.

అపోహ: మడమ నొప్పికి కారణం పెరిగిన ఎముకే.
వాస్తవం: ఆ ఎముక ఉండీ నొప్పి లేనివాళ్లు ఎందరో. పిక్కలు సాగదీసే వ్యాయామం, మెత్తటి చెప్పులు చాలామందికి సరిపోతాయి.

షుగర్ ఉన్నవారికి పాదం ఎర్రగా, వేడిగా వాచి నొప్పి లేకపోయినా నడక ఆపి అదే రోజు చూపించుకోవాలి. కాలు ఉన్నట్టుండి చల్లబడి, పాలిపోయి నొప్పెడితే రక్తనాళం మూసుకుపోయి ఉండొచ్చు. అప్పుడు తెల్లవారేదాకా ఆగవద్దు. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి అత్యవసర విభాగం అర్ధరాత్రి కూడా తెరిచే ఉంటుంది.