ముక్కు ఆపరేషన్ వాపు: ఏ నెలకు ఎంత తగ్గుతుంది?

ముక్కు ఆకారం సరిదిద్దే ఆపరేషన్‌ను డాక్టర్లు రైనోప్లాస్టీ అంటారు. అది చేయించుకున్న చాలామందికి రెండో నెలలోనో మూడో నెలలోనో ఒక దిగులు పట్టుకుంటుంది. కళ్ల కింద కమిలిన నలుపు పోయింది, నొప్పి లేదు, అయినా ముక్కు కొస లావుగా, మొద్దుగానే ఉంది. ఇంత ఖర్చు పెట్టింది ఇందుకేనా అనిపిస్తుంది. ఆ దిగులుకు జవాబు లెక్కల్లో ఉంది.

ఎముక కదలకుండా ముక్కు మీద పెట్టే గట్టి పట్టీని (స్ప్లింట్) సాధారణంగా వారానికి తీసేస్తారు. కళ్ల కింది నలుపు 10 నుంచి 14 రోజుల్లో పోతుంది. వాపులో దాదాపు మూడింట రెండు వంతులు మొదటి నెలలోనే దిగిపోతుంది. మన ఓపికను పరీక్షించేది మిగిలిన ఆ ఒక వంతే. అది పూర్తిగా తగ్గడానికి ఏడాది పడుతుంది. చర్మం మందంగా ఉన్నవారికి ఏడాదిన్నర, ఒక్కోసారి రెండేళ్లు.

ఒక వంతు అంటే ఎంత? కొత్తలో ఒకచోట 3 మిల్లీమీటర్ల వాపు ఉందనుకుందాం. నెల తిరిగేసరికి అక్కడ 1 మిల్లీమీటరు మిగులుతుంది. మీ పర్సులోని ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. అంటే ఆ కార్డుకన్నా కాస్త ఎక్కువ. పొట్ట మీద అంత పెరిగితే ఎవరి కంటా పడదు. ముక్కు మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే సర్జన్ అక్కడ మార్చేదే కొద్ది మిల్లీమీటర్లు. బాగా కుదిరిన పని కూడా అంత వాపు కింద కనపడకుండా ఉండిపోతుంది.

మరి పైభాగం ముందే తగ్గి, కొస ఎందుకు మొరాయిస్తుంది? ముక్కు చర్మం అంతటా ఒకే మందంలో ఉండదు. నుదుటిని కలిసేచోట సుమారు 1.25 మిల్లీమీటర్లు, నడి ముక్కు మీద ఎముక ముగిసేచోట దాదాపు 0.6 మిల్లీమీటర్లు. కొస దగ్గర మళ్లీ మందమవుతుంది, జిడ్డు గ్రంథులూ ఎక్కువ. పైగా రెండు ముక్కు రంధ్రాల మధ్య గోడ మీద కోసి చేసే ఓపెన్ పద్ధతిలో, చర్మం కింద చేరిన నీటిని తీసుకుపోయే సన్నని శోషరస నాళాలు కొన్ని తెగుతాయి. అవి మళ్లీ ఏర్పడి పనిలో పడటానికి నెలలు పడుతుంది. అందాకా నీరు కొస దగ్గరే నిలుస్తుంది. ముక్కు లోపలి వంకర దూలాన్ని మాత్రమే సరిచేయించుకున్నవారికి బయటి వాపు ఇంత ఉండదు.

'పొద్దున లేచేసరికి ఎక్కువగా, సాయంత్రానికి తక్కువగా ఉంటోంది, ఏదైనా తేడా చేసిందా?' అని కొందరు కంగారుపడతారు. రాత్రంతా పడుకుంటే నీరు ముఖంలోకి చేరుతుంది, లేచి తిరిగితే దిగుతుంది. అంతే. మొదటి వారాల్లో రెండు దిండ్లు వేసుకుని తల ఎత్తుగా పెట్టుకుని పడుకోమనేది ఇందుకే.

వాపు వేరు, మచ్చ కణజాలం వేరు. కోసినచోట శరీరం వేసుకునే గట్టి అతుకు మచ్చ కణజాలం. వాపు మెత్తగా ఉంటుంది, పూట పూటకూ మారుతుంది. మచ్చ గట్టిగా తగులుతుంది, పొద్దునా రాత్రీ ఒకేలా ఉంటుంది. మామూలు చర్మ గాయం మూడు వారాలకు అసలు బలంలో 20 శాతం, మూడు నెలలకు 80 శాతం దాకా తెచ్చుకుంటుంది. ఆ తర్వాత కూడా ఏడాది, అంతకు మించి, లోపల సర్దుబాటు సాగుతూనే ఉంటుంది. అందుకే మూడో నెలలో గట్టిగా తగిలినది పదో నెలకు మెత్తబడవచ్చు.

అలా మెత్తబడకుండా, కొసకు కాస్త పైన ఉబ్బుగా నిలిచిపోతే చిలుక ముక్కు వంపు కనిపిస్తుంది. దానికి కొందరు సర్జన్లు ట్రయామ్సినోలోన్ అనే స్టెరాయిడ్ సూది వేస్తారు. మోతాదు చాలా తక్కువ. మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల మందులో 0.1 మిల్లీలీటరు, అంటే రెండు చుక్కలు, ఒక మిల్లీగ్రాము. అవసరమైతే నాలుగు నుంచి ఆరు వారాల ఎడంతో మళ్లీ వేస్తారు. ఎడం ఎందుకంటే మోతాదు మించినా, సూది చర్మానికి మరీ పైపైన దిగినా, అక్కడ చర్మం పలచబడి గుంట పడవచ్చు. వాపును తగ్గించడం కన్నా ఆ గుంటను పూడ్చడం కష్టం. కాబట్టి ఈ సూది మీకు ఆపరేషన్ చేసిన సర్జనే నిర్ణయించి వేయాలి. తొందరపెట్టి వేయించుకోకండి.

ఇంట్లో మన చేతిలో ఉన్నవి కొన్ని. ఉప్పు ఎక్కువైతే ఒంట్లో నీరు నిలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు రోజుకు 5 గ్రాములలోపు, అంటే ఒక టీ చెంచా. అందులోనే పప్పు, కూర, ఆవకాయ, అప్పడం అన్నీ లెక్క. ఊరగాయను కొన్ని వారాలు పక్కన పెట్టడం మంచిది. ముక్కు దిబ్బడ వేస్తే ఆవిరి పట్టడం మనకు అలవాటు, కానీ వేడికి రక్తనాళాలు విచ్చుకుని వాపు పెరుగుతుంది. డాక్టర్ చెప్పిన ఉప్పునీటి స్ప్రే చాలు. కళ్లజోడు బరువు ముక్కు మీద పడకుండా నాలుగు నుంచి ఆరు వారాలు చూసుకోవాలి. రాత్రి పూట పేపర్ టేపు అంటించడం, వేళ్లతో ఒత్తడం కొందరికే పనికొస్తాయి. ఎవరికో చెప్పిన మర్దన చూసి మీరు మొదలుపెట్టకండి, కుదురుకుంటున్న ఎముక జరగవచ్చు. బయటి కోత మచ్చకు ఎండ తగలకుండా సన్‌స్క్రీన్ రాయండి, లేకపోతే అది నల్లబడి చాలాకాలం ఉంటుంది. సిగరెట్ పూర్తిగా మానాలి, గాయానికి రక్తం సరిగా అందనివ్వదు.

రోజూ అద్దంలో వెతికితే మార్పు కనిపించదు. నెలకు ఒకసారి, అదే కిటికీ దగ్గర, అదే వేళకు, ఎదుటి నుంచి, పక్క నుంచి ఫొటో తీసుకోండి. ఒకటో నెల ఫొటో పక్కన ఆరో నెలది పెట్టి చూస్తే తేడా మీకే తెలుస్తుంది.

కొన్ని లక్షణాలకు మాత్రం ఆగకూడదు. జ్వరం, చీము, ఒకవైపే పెరుగుతున్న ఎర్రటి వాపు, సలుపుతున్న నొప్పి ఉంటే ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి. ఆపరేషన్ అయిన తొలి రోజుల్లో రెండు ముక్కులూ ఒక్కసారిగా మూసుకుపోయి నొప్పి పెరిగితే దూలం దగ్గర రక్తం నిలిచి ఉండవచ్చు. అది చీము పడితే మృదులాస్థిని కొద్ది రోజుల్లోనే తినేస్తుంది.

అలాంటివేమీ లేకుండా ఆకారం ఒక్కటే నచ్చకపోతే, రెండో ఆపరేషన్ మాట కనీసం ఏడాది నిండాకే ఎత్తండి. అంతకు ముందే కోస్తే, సర్జన్ తన కొలతలు వాపుకు వేసుకుంటారు, మీ ముక్కుకు కాదు.