మన పాత ఊరిలో రెండు రోజులు

మన సంస్థలో పనిచేసే కుటుంబాలకు బదిలీ కొత్త విషయం కాదు. ఉత్తర్వు అందగానే సామాను కట్టడం, పిల్లల టి.సి.లు తీసుకోవడం, పాలవాని లెక్క తేల్చడం, ఇరుగుపొరుగుల వద్ద సెలవు తీసుకోవడం, ఇవన్నీ మనకు అలవాటైన పనులే. వెళ్ళిన చోట మొదటి ఏడాది ఆ ఊరిని తిట్టుకుంటాము. రెండవ ఏడాది సర్దుకుంటాము. ఊరు మనదనిపించే వేళకు మరో ఉత్తర్వు వస్తుంది. ఆ తరువాత ఆ ఊరు మన మాటల్లో మిగులుతుందే గాని, మళ్ళీ వెళ్ళి చూసేవారు తక్కువ. సెలవు దొరికితే తీర్థయాత్రకో, కొండ ప్రాంతానికో ప్రయాణమవుతాము. కాపురం చేసిన ఊరికి విహారయాత్ర ఏమిటని అనుకుంటాము.

అటువంటి విహారయాత్రకే గత శీతాకాలంలో మూడు కుటుంబాల వారము బయలుదేరాము. 1989 నుండి 1998 వరకు కలకత్తా ప్రాంతీయ కార్యాలయంలో కలిసి పనిచేసినవారము. మాలో ఇద్దరు పదవీ విరమణ చేశారు. ఒకరికి ఇంకా కొద్దిపాటి సర్వీసు ఉన్నది. 2001లో ఆ నగరం పేరు అధికారికంగా కోల్‌కతా అయినది గాని, మా నోటికి మాత్రం అది కలకత్తాయే.

యాత్రకు మరొక కారణం కూడా ఉన్నది. మాకంటే పదేళ్ళు పెద్దవారు, మేమందరము ‘అన్నగారు’ అని పిలుచుకునే మిత్రులు పదవీ విరమణ తరువాత కూడా అక్కడే ఉండిపోయారు. రెండేళ్ళ క్రితం వదినగారు కాలం చేశారు. కుమారుడు విదేశంలో ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి పరాయి రాష్ట్రంలో ఒంటరిగా ఎందుకు ఉండాలి, విశాఖకు తీసుకువచ్చి మనందరి మధ్య ఉంచుకుందామని మేము సంకల్పించాము. మా వీధిలోనే ఒక చిన్న ఫ్లాటు కూడా చూసి ఉంచాము.

రెండవ వంతెన మీదుగా

శుక్రవారం రాత్రి విశాఖలో కోరమాండల్ ఎక్కితే, తెల్లవారి పొద్దెక్కే వేళకు బెంగాల్‌లో ఉంటాము. ఖరగ్‌పూర్ స్టేషన్‌లో తెలుగు మాట వినిపించింది. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి నుండి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. ఆ స్టేషన్ ప్లాట్‌ఫారం పొడవు 1,072 మీటర్లు. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదని పిల్లలకు గొప్పగా చెప్పేవారము. ఇప్పుడు ఆ గొప్ప 2023లో హుబ్బళ్ళిలో ప్రారంభమైన 1,507 మీటర్ల ప్లాట్‌ఫారానిది.

మా రోజుల్లో కోరమాండల్ హౌరాకు వెళ్ళేది. స్టేషన్ బయట అడుగు పెట్టగానే హౌరా వంతెన ఎదురయ్యేది. ఇప్పుడు ఆ రైలు షాలిమార్ వరకే పోతుంది. అందువల్ల నగర ప్రవేశం ‘రెండవ వంతెన’ అని పిలుచుకునే విద్యాసాగర్ సేతువు మీదుగా జరిగింది. 1992 అక్టోబరులో దానిని ప్రారంభించినప్పుడు మేము అక్కడే ఉన్నాము. ఉక్కు తీగలపై వేలాడే ఆ 823 మీటర్ల వంతెనను చూడడానికి పిల్లలను భుజాల మీద ఎత్తుకుని వెళ్ళిన ఆదివారం మాలో అందరికీ గుర్తున్నది. ఆ పిల్లలలో ఒకరు ఈసారి తన బిడ్డను ఎత్తుకుని మాతో వచ్చింది.

పసుపు పచ్చని అంబాసిడర్ టాక్సీలు బాగా తగ్గిపోయాయి. ఉత్తరపాడాలో ఆ కారు తయారీ 2014లోనే ఆగిపోయింది. ఉన్నవి కూడా వయోపరిమితి నిబంధన వల్ల ఒక్కటొక్కటిగా తప్పుకుంటున్నాయి. అదృష్టవశాత్తు ఒకటి దొరికింది. అందులో ఆరుగురము ఇరుక్కుని కూర్చుని పాత రోజులను తలుచుకున్నాము.

లేక్ మార్కెట్‌లో తాళంచెవి

అన్నగారి నివాసం దక్షిణ కలకత్తాలో, లేక్ మార్కెట్ సమీపంలో. దక్షిణాది నుండి వచ్చిన ఉద్యోగులు తరతరాలుగా చేరుకున్న ప్రాంతమది. కాఫీ గింజలు వేయించే వాసన, కరివేపాకు కట్టలు, అరటాకులు, మల్లెమాలలు. ఊరుగాని ఊరిలో సాంబారు వాసన ఎటునుండి వస్తే అటు నడిచి ఇల్లు అద్దెకు తీసుకున్నవారము మేము. పాత మార్కెట్ ఉన్న చోట ఇప్పుడు అంతస్తుల భవనం వెలసింది. కూరలవారు మాత్రం కాలిబాట మీద యథాస్థానంలోనే ఉన్నారు.

మేము చేరే వేళకు అన్నగారు బజారుకు వెళ్ళారు. తలుపు తాళం వేసి ఉన్నది. ఏమి చేయాలో తోచక నిలబడితే, పై అంతస్తు నుండి పదేళ్ళ బెంగాలీ పాప గబగబ మెట్లు దిగి వచ్చి, మేకుకు తగిలించిన తమ ఇంటి తాళంచెవి తీసినంత ధీమాగా ఆయన తలుపు తెరిచింది. “దాదు పది నిమిషాలలో వస్తారు, మిమ్మల్ని కూర్చోబెట్టమన్నారు” అని తన భాషలో చెప్పి, వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఏ గ్లాసు ఎక్కడ ఉన్నదో ఆ పిల్లకు తెలుసు. దాదు అంటే వారి భాషలో తాతయ్య.

అన్నగారు వచ్చారు. మనిషి చిక్కారు గాని నడకలో చురుకు తగ్గలేదు. మా కోసం అరటిపువ్వు, సజ్జ బుట్టలో కొత్త ఖర్జూరపు బెల్లంతో చేసిన సందేశ్ తెచ్చారు. శీతాకాలంలో మాత్రమే దొరికే ఆ బెల్లాన్ని అక్కడివారు నలేన్ గుడ్ అంటారు. ఈత చెట్టు కల్లు, ఈత బెల్లం ఎరిగిన మనకు ఆ వాసన పరాయిది కాదు. భోజనాల దగ్గర విశాఖ సంగతి కదిలించబోయాము. “ముందు ఊరు చూడండి. రేపు మాట్లాడుకుందాము” అన్నారు.

నది కింద నలభై ఐదు క్షణాలు

దేశంలో మొట్టమొదటి మెట్రో రైలు 1984 అక్టోబరు 24న కలకత్తాలోనే, ఎస్ప్లనేడ్ నుండి భవానీపూర్ వరకు 3.4 కిలోమీటర్ల దూరం నడిచింది. మేము వెళ్ళే నాటికి టాలీగంజ్ వరకు వచ్చింది. ఉత్తరాన దమ్‌దమ్ వరకు పూర్తి మార్గం సిద్ధమయ్యేసరికి 1995 అయినది. అన్నేళ్ళూ వీధులు తవ్వి ఉండడం, వానాకాలంలో మోకాటి లోతు నీళ్ళలో కార్యాలయానికి వెళ్ళడం మా తరం ఉద్యోగులకు అనుభవమే.

ఈసారి కాళీఘాట్ స్టేషన్‌లో ఎక్కి, ఎస్ప్లనేడ్‌లో మారి, హౌరాకు వెళ్ళాము. 2024 మార్చిలో ప్రారంభమైన ఈ మార్గం హుగ్లీ నది అడుగు నుండి పోతుంది. నది కింద 520 మీటర్ల దూరాన్ని రైలు దాదాపు 45 క్షణాలలో దాటుతుంది. నది వచ్చినట్టు తెలియడానికి సొరంగం గోడలకు నీలి దీపాలు అమర్చారు. 2025 ఆగస్టులో ఎస్ప్లనేడ్, సియాల్దా స్టేషన్ల మధ్య మిగిలిన భాగం కూడా పూర్తయి, హౌరా నుండి సాల్ట్ లేక్ వరకు ఒకే మార్గమైనది. ఒకనాడు వంతెన మీద బస్సులో గంటసేపు నిలిచిపోయి, హాజరు పట్టీలో ఎర్ర గీత పడుతుందని బెంగపడిన మాకు ఆ 45 క్షణాలు ఒక వింత.

తిరుగు దారిలో హౌరా వంతెనను నడిచి దాటాము. 1943 ఫిబ్రవరిలో రాకపోకలకు తెరిచిన ఈ వంతెనకు దాదాపు 26,500 టన్నుల ఉక్కు పట్టింది. అందులో 23,000 టన్నులు మన దేశంలోనే, టాటా కర్మాగారంలో తయారైనది. నట్లు, బోల్టులు లేకుండా రివిట్లతోనే కూర్చారు. 1965లో రవీంద్ర సేతువని పేరు పెట్టినా, జనం నోట హౌరా వంతెనగానే నిలిచింది. అవతలి ఒడ్డున దిగితే మల్లిక్ ఘాట్ పూల బజారు. బంతిపూల దండలను మోకుల వలె చుట్టి తలల మీద మోసుకుపోతుంటారు.

అక్కడి నుండి మా పాత కార్యాలయం ఉన్న డల్హౌసీకి నడిచాము. 1930లో రైటర్స్ భవనంపై దాడి చేసిన వినయ్, బాదల్, దినేశ్ అనే యువకుల పేర ఆ కూడలిని బి.బి.డి. బాగ్ అంటారు. రాష్ట్ర సచివాలయం 2013లో ఆ భవనం నుండి హౌరాకు తరలింది. మన కార్యాలయం ఉన్న అంతస్తులో ఇప్పుడు వేరెవరిదో పేరుపలక ఉన్నది. అయినా కింద మట్టి ముంతలో టీ పోసే అంగడి అలాగే ఉన్నది. దుకాణదారు కొడుకు ఇప్పుడు దుకాణం నడుపుతున్నాడు.

ఆ వీధులలో నడిచేటప్పుడు మాకు సర్ సి.వి. రామన్ గుర్తుకు వచ్చారు. విశాఖలో బాల్యం గడిపిన ఆయన 1907లో ఆర్థిక శాఖ ఉద్యోగిగా కలకత్తా వచ్చారు. పగలు లెక్కల పని, ఉదయం, సాయంత్రం బౌబజార్‌లోని విజ్ఞాన సంస్థలో ప్రయోగాలు. మధ్యలో రంగూన్‌కు, నాగపూర్‌కు బదిలీ అయి, 1911లో తిరిగి కలకత్తా చేరారు. బదిలీ బాధ ఆయనకూ తప్పలేదు! 1928లో ప్రపంచ ప్రసిద్ధమైన ఆవిష్కరణ జరిగినది ఈ ఊరిలోనే.

సాయంత్రం కాలేజ్ స్ట్రీట్ పాత పుస్తకాల వరుసల మధ్య గడిపాము. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1921లో ఆచార్యులుగా చేరిన కలకత్తా విశ్వవిద్యాలయం ఆ వీధిలోనే ఉన్నది. కార్మికుల సహకార సంఘం నడుపుతున్న కాఫీ హౌస్‌లో తలపాగా ధరించిన వడ్డనదారు ఇచ్చిన కాఫీ మా లేక్ మార్కెట్ కాఫీకి సాటి రాదు. కాని అక్కడ కాఫీ కోసం ఎవరు వెళ్తారు? శరత్ బాబు నవలలను చక్రపాణి గారి అనువాదాలలో చదివి, ఆయన తెలుగు రచయితే అనుకున్న తరం మాది. మొదటిసారి ఆ వీధిలో శరత్ పుస్తకాలను బెంగాలీ లిపిలో చూసినప్పుడు మన వస్తువు పరాయి చేతిలో ఉన్నట్టు అనిపించడం గుర్తుచేసుకుని నవ్వుకున్నాము.

సరస్సు ఒడ్డున

ఆదివారం తెల్లవారుజామున అన్నగారు మమ్మల్ని రవీంద్ర సరోవరానికి తీసుకువెళ్ళారు. 1920లలో తవ్వించిన సరస్సు అది. చుట్టూ పెద్ద చెట్లు, పడవ పందేల క్లబ్బులు, మఫ్లర్లు చుట్టుకుని నడిచే వృద్ధులు. అడుగడుక్కీ ఎవరో ఒకరు “కేమోన్ ఆఛేన్ దాదా?” అని పలకరించారు. బెంచీ మీద కూర్చున్నాక మేము వచ్చిన పని చెప్పాము. ఫ్లాటు సంగతి, ఆసుపత్రి దగ్గరలో ఉండడం, మా ఇళ్ళ నుండి భోజనం, అన్నీ వివరించాము.

ఆయన శ్రద్ధగా విన్నారు. కాసేపటికి నెమ్మదిగా ఇలా అన్నారు: “మీ వదిన ఆసుపత్రిలో పంతొమ్మిది రాత్రులు ఉన్నది. ఒక్క రాత్రి కూడా నేను ఒంటరిగా లేను. మా పాడా కుర్రాళ్ళు వంతులు వేసుకుని వచ్చి పడుకున్నారు. వాళ్ళకు నేనేమీ కాను. ఆమె అస్థికలు ఈ గంగలోనే కలిపాను. పై ఇంటి పాపకు రోజూ సాయంత్రం లెక్కలు చెప్పాలి. నేను ఒకపూట వెళ్ళకపోతే అది కిందికి వచ్చి పోట్లాడుతుంది. విశాఖలో మీరందరూ ఉన్నారు, నిజమే. మీ పనులు మీకుంటాయి. అక్కడ నేను అతిథిని. ఇక్కడ నాకు పని ఉన్నది.”

పాడా అంటే బెంగాలీలో వాడ. మన తెలుగు వాడకు దగ్గరి మాట, దగ్గరి భావం.

మాలో ఒకరు “మరి ఒంట్లో బాగుండకపోతే, అన్నగారూ?” అని అడిగారు. “తాళంచెవి ఎక్కడున్నదో నిన్న చూశారుగా” అన్నారాయన. మేము మరి బలవంతపెట్టలేదు. చివరకు ఒక ఒప్పందానికి వచ్చాము: ఏటా ఉగాదికి ఆయన విశాఖ రావాలి, శీతాకాలంలో మేము కలకత్తా వెళ్ళాలి. ఆ పాప తల్లిదండ్రుల ఫోన్ నంబరు మేము, మా నంబర్లు వారు రాసుకున్నాము. ఆదివారం మధ్యాహ్నం రైలెక్కి, సోమవారం తెల్లవారకముందే విశాఖ చేరుకున్నాము. ఉగాదికి అన్నగారు మాట నిలబెట్టుకున్నారు. ఇరవై రోజులు ఉండి, పాపకు పరీక్షలు దగ్గరపడుతున్నాయని వెళ్ళిపోయారు.

మన కుటుంబాలకు ఒక మాట

బదిలీ మీద వెళ్ళిన ఊరిని మనము ఇంటి నుండి దూరంగా గడిపిన కాలంగా లెక్కిస్తాము. కలకత్తాలో మేము చూసినది వేరు. కష్టకాలంలో ఎవరు తోడుంటారో, ఎవరికి మన అవసరం ఉంటుందో, ఆ ఊరే మన ఊరవుతుంది. పదవీ విరమణ తరువాత ఎక్కడ స్థిరపడాలని ఆలోచించే ఉద్యోగులు స్థలం ధరతోబాటు ఈ సంగతి కూడా లెక్కలోకి తీసుకోవడం మంచిది. దూరాన ఉన్న పెద్దలను తీసుకురావాలని తలపెట్టేవారు ముందుగా వెళ్ళి, వారి రోజు ఎట్లా గడుస్తుందో ఒకసారి దగ్గర ఉండి చూడాలి.

ఇక యాత్ర సంగతి. పాత ఊరికి వెళ్ళేవారు ఒంటరిగా కాక, అక్కడ తమతో కలిసి ఉన్నవారితో వెళ్ళాలి. ఒకరు మరచినది మరొకరికి గుర్తుంటుంది. చూడవలసిన స్థలాల పట్టిక పెద్దది చేయవద్దు. రోజూ నడిచిన దారిలో ఒకసారి నడిస్తే చాలు. ఆలస్యం కూడా తగదు. 1873లో గుర్రాలతో మొదలైన కలకత్తా ట్రాములను, మైదానం పక్కనున్న ఒక్క మార్గం మినహా, ఆపివేయాలని 2024లో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. అనేక వీధులలో పట్టాలు సగం తారులో మునిగి ఉన్నాయి. ఊళ్ళు మన కోసం ఆగవు, మనుషులు కూడా అంతే. కలకత్తాకైతే డిసెంబరు, జనవరి మాసాలు అనుకూలం. వచ్చేటప్పుడు ఖర్జూరపు బెల్లం తెచ్చుకోవడం మరవవద్దు.